ఎన్ని బీడీల తాళం

అమ్రాబాద్,
14 ఆగస్టు 1961

అన్నకు బాలనర్సు దండాలతో,

ఇక్కడ వాన ఆగడం లేదు. దవాఖాన నిండా జ్వరాలవాళ్లే. ఇద్దరు ఆయాలు చేయవలసిన పని నేను ఒక్కదాన్నే చేస్తున్నాను, అయినా డాక్టరు గారికి నా నడక నిదానంగానే కనిపిస్తుంది. నీ దగ్గు తగ్గిందా? బీడీలు తగ్గించావా అని మాత్రం అడగను. అడిగితే అబద్ధం రాస్తావు.

ఒక పని ఉండి రాస్తున్నాను. నా ఇంటి పెరటి తలుపుకు మంచి తాళం కావాలి. ముందు తలుపు ఫరవాలేదు, వీధిలో పదిమంది కళ్లు దానిమీదే ఉంటాయి. పెరటి వైపు కంచె, కంచె దాటితే పొదలు. పొద్దున ఆ తలుపుకు బయటినుంచి తాళం వేసి, చుట్టూ తిరిగి వచ్చి ముందు నుంచి దవాఖానకు పోతాను. ఇప్పుడున్నది ఏడేళ్ల కిందట నువ్వు ఇచ్చిందే. మొన్న చాబీ లోపల మరిచిపోయి తలపిన్నుతో తీస్తే తెరుచుకుంది. నువ్వుంటే నవ్వేవాడివి. నాకు నవ్వు రాలేదు. తెరుచుకున్న తలుపు ముందు చాలాసేపు నిలబడి, లోపలికి పోవడానికి సుక్కమ్మను తోడు పిలుచుకున్నాను. సుక్కమ్మ మా పక్కింటి ముసలామె, పేరుకు పక్కిల్లే గానీ నాకు తల్లి లెక్క.

ఊళ్లో దొంగతనాలు ఎక్కువయ్యాయి, అందుకే అడుగుతున్నాను. తొందరగా పంపు.

నీ చెల్లె
బాలనర్సమ్మ

జడ్చర్ల,
22 ఆగస్టు 1961

చెల్లె బాలనర్సుకు ఎల్లస్వామి దీవించి,

దొంగ వచ్చి నీ ఇంట్లో ఏం ఎత్తుకుపోతాడే? రెండు చీరెలు, నాలుగు సత్తు గిన్నెలు. చూసి జాలిపడి వాడే ఏదైనా పెట్టిపోవాలి. సరే, అడిగావు గనుక పంపుతున్నాను. తాళాల మీద నీకు కొంచెం జ్ఞానం కూడా పంపుతున్నాను, అది ఊరికే వస్తుంది.

జనం తాళాన్ని చేతిలో పెట్టుకుని బరువు చూస్తారు, ఇత్తడి మెరుపు చూస్తారు. అసలు సంగతి లోపల ఉంటుంది. లోపల సన్నని రేకులు ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి, వాటినే లీవర్లు అంటారు. చాబీ పళ్లు ఒక్కో రేకును ఎంత లేపాలో అంతే లేపాలి. వెంట్రుకవాసి తక్కువైనా ఎక్కువైనా తాళం కదలదు. రెండు రేకుల తాళాన్ని వంకర తీగ పెట్టి ఎవరైనా తీస్తారు. నాలుగు రేకులకు చెయ్యి తిరిగినవాడు కావాలి. ఆరు రేకులకు చేతితో పాటు ఓపిక కావాలి. డబ్బా మీద అచ్చువేసిన గొప్పలు నేను నమ్మను, నా లెక్క నాకుంది. మా ఐలేశం తాళం ముందు తీగ పట్టుకుని కూర్చోగానే నేను బీడీ ముట్టిస్తాను. అతను తీసేలోపల నేను ఎన్ని కాలిస్తే అది అన్ని బీడీల తాళం. నీ పాతది అర బీడీ. నాలుగు రేకులది బీడీన్నర. నీకు పంపుతున్న ఆరు రేకులది నాలుగు బీడీలు. ఇంకా నా బీడీలను తప్పు పట్టు.

ఐలేశం ఎవరో చెప్పలేదు కదూ. జూన్‌లో పని అడుగుతూ వచ్చాడు. నలభై ఏళ్లుంటాయి, తూర్పు దిక్కు మనిషి. నేను చాబీ పోయిన తాళం ఒకటి చేతిలో పెడితే నా బీడీ సగం కాకముందే తీసి ఇచ్చాడు. ముప్పై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాను, అంత మెత్తని చెయ్యి చూడలేదు. చదువు రాదు, మాట తక్కువ. కొట్టులోనే పడుకుంటాడు. నాకూ తోడుగా ఉంది.

తాళం అచ్చంపేట బస్సు డ్రైవరు చేతికిచ్చాను, దవాఖానలో అందిస్తాడు.

నీ అన్న
ఎల్లస్వామి

అమ్రాబాద్,
10 సెప్టెంబరు 1961

అన్నకు,

తాళం అందింది. బాగా బరువుంది, నీకు నచ్చని మాట అయినా అంటున్నాను.

నాలుగు బీడీలు చాలవన్నా. నేను పొద్దున పోతే దీపాలు పెట్టేవేళకు వస్తాను. ఆ మధ్యలో ఎన్ని బీడీలు కాలుతాయో లెక్కపెట్టు. ఎవరూ తీయలేని తాళం లేదా? ఉంటే అది పంపు.

నవ్వుతావేమో గానీ నా సంగతి ఇది. ఇంటికి రాగానే ముందు తలుపు తీయను. మొదట పెరటి వైపు పోయి తాళం పట్టుకుని గుంజి చూస్తాను. తాళం ఉన్నా నమ్మకం రాదు, తీసినవాడు లోపలికి పోయి ఇంకొకరితో మళ్లీ వేయించి ఉంటే అనిపిస్తుంది. అప్పుడు సుక్కమ్మ వచ్చి ముందు నడిస్తే, ఆమె వెనక నేను. మంచం కింద చూస్తాను, గింజల గుమ్మి వెనక చూస్తాను. రోగులకు సూదిమందు భయం పోగొట్టే మనిషిని నేను.

పడుకునేటప్పుడు ఇంకో ఏర్పాటు చేసుకున్నాను. నేను లోపలికి పోయాక సుక్కమ్మ రెండు తలుపులకూ బయటినుంచి తాళాలు వేసి, చాబీలు కొంగున కట్టుకుని పోతుంది. తెల్లవారి వచ్చి తీస్తుంది. చూసేవాళ్లకు ఇంట్లో ఎవరూ లేనట్టే ఉంటుంది. ఇక్కడ మగదిక్కు లేని ఆడవాళ్లు ఇట్లాగే చేస్తారట, సుక్కమ్మ చెప్పింది.

మంచి తాళం పంపు.

బాలనర్సు

జడ్చర్ల,
20 సెప్టెంబరు 1961

బాలనర్సూ,

నీ ఉత్తరం చదివి ఒళ్లు మండింది. బయటినుంచి తాళం వేయించుకుని పడుకుంటావా? తాళం దొంగను ఆపాలి గానీ నిన్ను ఆపకూడదు. తీయగలవాడు వస్తే అతనికి ఆ తాళం నాలుగు బీడీలు, నీకు జన్మ పడుతుంది. లోపలినుంచి గడియ పెట్టుకో. ఆ చాబీలు సుక్కమ్మ దగ్గరినుంచి ఇవాళే తీసుకో.

ఇక నువ్వు అడిగిన తాళం. ఏడు రేకులవి రెండు వచ్చాయి, ఒక్క బట్టీవే, లోపల ఒక్క తీరే, చాబీలు మాత్రం వేరు. ఒకదాన్ని ఐలేశం ముందు పెట్టాను. పొద్దున కూర్చున్నవాడు మధ్యాహ్నం దాకా తల ఎత్తలేదు. నాకు కట్ట బీడీలు అయిపోయాయి. చివరికి తీగ కింద పెట్టి, "ఇది నాతోని కాదన్నా" అన్నాడు. ఐలేశం ఓడిపోవడం నేను చూడడం ఇదే మొదలు. దాని జోడీని నీకు పంపుతున్నాను. నిశ్చింతగా ఉండు.

అది ఎవరికని అడిగాడు. చెల్లెకు, నల్లమల దిక్కు ఒక్కతే ఉంటుంది అన్నాను. "ఆడమనిషి ఒక్కతె ఉంటే తాళం గట్టిగుండాలె" అన్నాడు. నీ ముఖం కూడా తెలియనివాడు నీ గురించి ఆలోచిస్తున్నాడు.

ఇప్పుడు అసలు మాట. ఇది దొంగల భయం కాదు. చిన్నప్పుడు చెరువుగట్టు మీద పామును చూసి, నేను పరుగెత్తితే నువ్వు నిలబడ్డావు. అటువంటి దానివి మంచం కింద చూసుకుంటున్నావు. అమ్మానాయిన పోయాక మనకు మనమే ఉన్నాం. నాకు చెప్పకపోతే ఎవరికి చెబుతావు?

నీ అన్న

అమ్రాబాద్,
1 అక్టోబరు 1961

అన్నకు,

చెబుతాను. చదివాక తిట్టు, కానీ చివరిదాకా చదువు.

ఏడేళ్ల కిందట నల్లగొండ దవాఖానలో ఉన్నప్పుడు భద్రమ్మ అనే ఆమెను తెచ్చారు, నీకు గుర్తుంటుంది. బావిలో పడిందని మొగుడు చెప్పాడు. ఒంటిమీద పాత దెబ్బలు, కొత్త దెబ్బలు ఉన్నాయి. బావిలో పడినవాళ్ల ఒళ్లు ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. ఆమె పోయేముందు పక్కన నేనొక్కదాన్నే ఉన్నాను. "ఆయినే కొట్టిండు, మల్ల బాయిల పడేసిండు" అని నా చెయ్యి పట్టుకుని చెప్పింది. కోర్టుకు పోతావా అని నువ్వు అడిగావు. కూలి చేసుకు బతికే ఇంటి పిల్లవు, కోర్టు మెట్లు ఎక్కవద్దు, వాడు ఎప్పటికైనా బయటికి వస్తాడు అన్నావు. పోను అని నీకు మాట ఇచ్చాను. పోయాను అన్నా. జడ్జి గారి ముందు ఆమె చెప్పిన మాట చెప్పాను. నాకు జీతం పెరుగుతుందని అమ్రాబాద్ వచ్చానని నీకు రాసింది అబద్ధం.

అతని పేరు దుర్గయ్య. శిక్ష చదివాక జవాన్లు తీసుకుపోతుంటే నా దగ్గర ఆగాడు. అరవలేదు. "నీ ఇంటికి తలుపు ఉంటది గద. పలగ్గొట్టను. తీస్త" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు నవ్వుతున్నట్టే ఉన్నాడు. అప్పటికి అతనికి తాళాల పని రాదు. జైల్లో ఒక తాళాల దొంగ దగ్గర నేర్చుకున్నాడని తరువాత విన్నాను.

ఈ ఏప్రిల్‌లో విడిచిపెట్టారు. నల్లగొండలో నాతో పనిచేసిన నర్సింగమ్మ ఆగస్టులో రాసింది, ఎండాకాలంలో ఎవరో వచ్చి నా గురించి అడిగిపోయారని. అప్పుడే నీకు తాళం కోసం రాశాను. నిన్న ఆమె దగ్గరినుంచి ఇంకో ఉత్తరం వచ్చింది. ఏడుస్తూ రాసినట్టుంది. నా ఊరు తనకు తెలియదని చెప్పిందట గానీ, మాటల్లో, ఆమె అన్నకు జడ్చర్లలో తాళాల కొట్టు ఉంది, అతనికి తెలుస్తుంది అనేసిందట. వచ్చినవాడు చుట్టమని చెప్పుకుంటే నమ్మింది.

కాబట్టి అన్నా, నీ దగ్గరికి ఎవరైనా వస్తే జాగ్రత్త. మనిషి పొడవు, బక్కపలచన. కుడిచేతి చిటికెన వేలు వంగదు. ఏది పట్టుకున్నా ఆ వేలు విడిగా నిలబడి ఉంటుంది. కోర్టులో కటకటాలు పట్టుకున్నప్పుడు చూశాను, ఇప్పటికీ కళ్ల ముందే ఉంది.

నువ్వు పంపిన ఏడు రేకుల తాళం వేశాను. రెండు రోజులుగా కొంచెం అన్నం తింటున్నాను.

బాలనర్సు

జడ్చర్ల,
6 అక్టోబరు 1961

చెల్లె,

ఇది రాస్తుంటే అతను నా ఎదుటే కూర్చున్నాడు. చాబీ అరగదీస్తున్నాడు. ఆకురాయి పట్టుకున్న చేతికి చిటికెన వేలు విడిగా నిలబడి ఉంది. నాలుగు నెలలుగా చూస్తున్నాను. పనివాడి సొగసు అనుకున్నాను.

ఎవరికి రాస్తున్నావని ఇప్పుడే అడిగాడు. సరుకు పంపే షావుకారుకు అన్నాను.

ఇంకొకటి చెప్పాలి. నిన్న అతను బయటికి పోయినప్పుడు, నాతోని కాదన్న ఆ ఏడు రేకుల తాళాన్ని విప్పి చూశాను. చాబీతో తీస్తే రేకులు చక్కగా ఒకేచోట నునుపు తేలుతాయి. తీగతో లేపితే గీతలు పడతాయి, దాచలేరు. ఏడు రేకుల మీదా గీతలు ఉన్నాయి, చివరి రేకు దాకా. అతను దాన్ని తీశాడు బాలనర్సూ. తీసి, మళ్లీ వేసి, ఓడిపోయానని నాకు చెప్పాడు. దాని జోడీ నీ తలుపుకు పోవాలని అట్లా చెప్పాడు. నేను పంపాను. ముప్పై ఏళ్ల పనిమంతుణ్ణి, ఓడిపోయానన్న మాటను పరీక్ష చేయకుండా నమ్మాను.

నీ ఉత్తరాలన్నీ గూట్లో బయటే పెట్టేవాణ్ణి. ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. అతనికి చదువు రాదు, కానీ బస్టాండులో ఎవరికి చూపించినా పైన ఊరి పేరు చదివి చెబుతారు. చూపించాడో లేదో నాకు తెలియదు. అన్నీ ఇవాళ పొయ్యిలో పెట్టాను.

ఇకమీద కొట్టుకు రాయకు. రైలు స్టేషన్లో పార్సిళ్ల గుమాస్తా కిష్టయ్య నా స్నేహితుడు, అతని పేర రాయి. తెలిసినట్టు నేను ముఖంలో కనబడనివ్వను. నిన్న అతనితో కలిసి కూర్చుని అన్నం తిన్నాను. నువ్వు ఆ ఇంట్లో ఉండకు, ఎక్కడికైనా పో.

అన్న

అమ్రాబాద్,
12 అక్టోబరు 1961

అన్నకు, కిష్టయ్య గారి ద్వారా,

నీ ఉత్తరం దవాఖాన మెట్ల మీద చదివాను. మళ్లీ మొదటినుంచి చదివాను. డాక్టరు గారు చూసి నీళ్లు ఇప్పించారు. ఆయనకు అంతా చెప్పాను. నిదానపు నడక అని వెక్కిరించే మనిషి, అప్పుడు మాత్రం లోపలికి తీసుకుపోయి కూర్చోబెట్టారు. పైవాళ్లకు రాస్తానన్నారు. బదిలీ కావడానికి నెలా రెండు నెలలు పడుతుందట. అప్పటిదాకా దవాఖానలో ఆడవాళ్ల వార్డులో పడుకొమ్మన్నారు. ఇంటికి పగలు మాత్రం, సుక్కమ్మతో పోతాను.

రోజంతా ఒకటే ఆలోచిస్తున్నాను. ఊరి పేరు తెలిసి ఉంటే ఇంకా ఎందుకు రాలేదు? తెలియకపోతే ఒక పూటలో తెలుసుకోగలడు. నాకు తోచింది చెబుతాను. పలగ్గొట్టను, తీస్త అన్నాడు. ఆ మాట నెగ్గించుకోవాలని ఉంది అతనికి. నా తలుపుకు నువ్వు ఏ తాళం పంపినా తన చేతికి లొంగుతుందని నిశ్చయం అయ్యాకే వస్తాడు. అందుకే నీ దగ్గర కూర్చున్నాడు. నా తలుపుకు పోయే ప్రతి తాళం ముందు అతని చేతిలోకే పోతోంది కదా.

పోలీసులకు చెప్పు. నీకు ఏమీ కాకుండా చూసుకో. నావల్ల నీ ప్రాణం మీదికి వచ్చిందనే మాట నేను మోయలేను. కోర్టుకు పోయినందుకు మాత్రం పశ్చాత్తాపం లేదు. ఆమె నా చెయ్యి పట్టుకుని చెప్పింది, నేను చెప్పకపోతే ఆ మాట ఎక్కడికీ చేరేది కాదు. మళ్లీ అడిగినా చెబుతాను. కానీ భయం మాత్రం పోదు అన్నా. రెండూ ఒక్క మనిషిలోనే ఉంటాయని నాకు ఇంతకు ముందు తెలియదు.

బాలనర్సు

జడ్చర్ల,
14 నవంబరు 1961

బాలనర్సుకు,

నెల రోజులు రాయలేదు. రాయడానికి చోటు దొరకలేదు. ఇది కిష్టయ్య గదిలో మూటల మధ్య కూర్చుని రాస్తున్నాను.

తెలిసిన హవల్దారు ఒకాయనకు చెప్పాను. ఆయన మంచివాడే. "శిచ్చ తీరి వచ్చి పనిచేసుకుంటున్న మనిషిని ఏమని పట్టుకోవాలె స్వామీ? ఏదన్న చేస్తె చెప్పు" అన్నాడు. ఏదైనా చేశాక చెప్పడానికి నాకు నోరు ఉంటుందా?

అందుకని నీ మాటే పట్టుకున్నాను. నిశ్చయం అయ్యాకే వస్తాడు అన్నావు కదా. అయితే నిశ్చయం కానివ్వకూడదు అనుకున్నాను. ఒక తాళం చేశాను. నా జన్మలో ఇటువంటిది చేయలేదు. ఎనిమిది రేకులు, ఒక్కో రేకు అంచున దొంగ గాట్లు కోశాను. తీగ పెట్టి లేపేవాడికి రేకు సరైన చోట ఆగినట్టే వేలికి తెలుస్తుంది. నిజానికి అది దొంగ గాట్లో చిక్కుకుంటుంది. ఎనిమిదీ కుదిరాయని సంతోషపడి తిప్పితే ఒక్కటీ కుదిరి ఉండదు. మళ్లీ మొదటినుంచి. పదిహేను రోజులు పట్టింది చేయడానికి. పూర్తయ్యాక అతని ముందు పెట్టి, ఇది మా చెల్లె తలుపుకు, నువ్వు తీయలేకపోతేనే పంపుతాను అన్నాను.

ఇవాళ్టికి తొమ్మిది రోజులు. ఈసారి ఓడిపోయానని అనలేదు. బీడీల లెక్క నేను మానేశాను, ఇప్పుడు రోజులే లెక్క. తిండి మీద ధ్యాస లేదు. కళ్లు మూసుకుని, తాళాన్ని చెవికి ఆనించుకుని కూర్చుంటాడు. పెదవులు కదులుతుంటాయి. నేను పక్కన వేరే తాళాలు బాగుచేస్తూ, అతని తీగ చప్పుడు వింటూ ఉంటాను. చప్పుడు ఆగితే నా ప్రాణం ఆగుతుంది. మళ్లీ మొదలైతే, ఇంకో రోజు దొరికింది అనుకుంటాను.

మొన్న తల ఎత్తకుండానే అడిగాడు: "అన్నా, నీ చెల్లె ఉత్తరాలు రాస్తలేదేంది?"

పనిలో ఉందేమో అన్నాను.

"రాస్తది తీ" అన్నాడు.

బదిలీ సంగతి ఏమైంది? ఎక్కడికి వేస్తున్నారు? రాగానే ఊరి పేరు నాకు రాయి. నేను పట్టి ఉంచగలిగినన్ని రోజులు పట్టి ఉంచుతాను.

అన్న

అమ్రాబాద్,
22 నవంబరు 1961

అన్నకు,

బదిలీ ఇంకా రాలేదు. ఏ ఊరో తెలియదు. తెలిసినప్పుడు రాస్తాను.

వార్డులో పడుకుంటున్నాను. ఎవరైనా తలుపు తోస్తే లేచి కూర్చుంటాను, దగ్గేవాళ్లు నన్ను చూసి నవ్వుతారు. నువ్వు అతని పక్కన కూర్చుని పనిచేస్తున్నావని తలచుకుంటే నా భయం నాకే చిన్నదిగా కనిపిస్తుంది. నువ్వు ఏ పూటా తిండి మానకు. కొట్టులో అతనికి వీపు పెట్టి కూర్చోకు.

నీ తాళం చూడాలని ఉంది. నాకోసం చేసినది, నేను చూడకుండానే పోతుందేమో.

బాలనర్సు

అమ్రాబాద్,
4 డిసెంబరు 1961

బాలనర్సుకు,

పైన ఊరి పేరు చూసి ఆశ్చర్యపోకు. నీ ఇంట్లోనే కూర్చుని రాస్తున్నాను. నువ్వు ఎక్కడున్నావో తెలియక ఈ ఉత్తరం డాక్టరు గారి చేతికి ఇస్తున్నాను.

శుక్రవారం పొద్దున అతను తాళం తీశాడు. ఇరవై ఏడో రోజు. నేను టీ తాగుతున్నాను. తీగ చప్పుడు ఆగింది, మళ్లీ మొదలు కాలేదు. వచ్చి తెరిచిన తాళాన్ని నా అరచేతిలో పెట్టాడు. "అయిపోయిందన్నా. రెండు దినాలు ఊరికి పోయొస్త" అన్నాడు. చెయ్యి పట్టుకున్నాను. నా దగ్గర ఇంకో తాళం లేదు. నా చెయ్యి మెల్లగా విడిపించుకున్నాడు. కోపం కూడా లేదు ముఖంలో. హవల్దారు దగ్గరికి ఉరికాను, ఆయన కాంపులో ఉన్నాడు. కిష్టయ్య చేతిలో ఉన్న పైసలు తీసుకుని బస్సెక్కాను. ఆ బస్సు కల్వకుర్తి దాటాక చెడిపోయింది. రోడ్డు మీద కూర్చుని ఏడ్చాను. యాభై ఏళ్ల మనిషిని, ప్రయాణికులంతా చూస్తుండగా.

శనివారం సాయంత్రం ఇక్కడికి వచ్చేసరికి రెండు తలుపులకూ తాళాలు వేసే ఉన్నాయి. గట్టిగా కొట్టాను, నీ పేరు పెట్టి పిలిచాను. సుక్కమ్మ బయటికి వచ్చింది. నువ్వు బుధవారమే ట్రంకుపెట్టెతో పోయావని చెప్పింది. అక్కడే అరుగు మీద కూర్చున్నాను. తరువాత నా ముఖం చూసి, "నువ్వెవలు బిడ్డా?" అని అడిగింది. బాలనర్సు అన్నను అన్నాను. ముసలామె గోడ పట్టుకుంది.

"ఆమె అన్న పొద్దుగాల్లనే వచ్చిపోయిండు గద" అంది.

వచ్చినవాడు, జడ్చర్లలో తాళాల కొట్టు ఉంది, నేను ఆమె అన్నను అని చెప్పాడట. ఆమె నమ్మింది, జొన్న గటక పోసి పెట్టింది. బాలనర్సు ఎక్కడికి పోయిందని అడిగాడు. తెలియదు బిడ్డా, నాకు కూడా చెప్పకుండా పోయింది, నీకు చెప్పిందనుకున్న అందట. సరే, ఇంట్లో కొంచెంసేపు కూర్చుంటాను అన్నాడు. చాబీ ఇస్తానని ఆమె కొంగు విప్పుతుంటే, అక్కరలేదు అన్నాడు. పెరటి వైపు పోయాడు. సుక్కమ్మ పొయ్యి మీది గిన్నె దించి వచ్చేలోపల తలుపు తెరిచి ఉంది. పొద్దు తిరిగేదాకా లోపల కూర్చుని, పోతూ పోతూ మళ్లీ తాళం వేసి పోయాడు.

నేను చాబీ తీసుకుని లోపలికి వచ్చాను. ఏమీ ముట్టుకోలేదు. నీ మంచాన్ని మాత్రం జరిపి, ముందు తలుపుకు ఎదురుగా వేశాడు. ఇప్పుడు నేను ఆ మంచం మీదే కూర్చున్నాను. నువ్వు తీసే తలుపు నా ఎదురుగా ఉంది.

డాక్టరు గారు నీ ఊరు చెప్పనన్నారు. అన్నను అని ఒట్టు పెట్టుకున్నాను. అన్నలు ఎందరొస్తారో నాకు తెలియదు అన్నారు. కోపంతో ఆయనను నానా మాటలూ అన్నాను, నా తరఫున క్షమించమని చెప్పు. ఊరి పేరు ఒక్కటి రాయి బాలనర్సూ. చదివి ఆ క్షణమే కాల్చేస్తాను. ఎవరికీ చెప్పను. నేను చెబుతానా?

అన్న

18 డిసెంబరు 1961

అన్నకు,

పైన ఊరి పేరు రాయలేదు. మరిచిపోయి కాదు.

నీ ఉత్తరం అందింది. ఎట్లా అందిందో కూడా రాయను. నేను నీకు ఇంకో అబద్ధం చెప్పాను. నవంబరులో ఉత్తరం రాసేనాటికి ఎక్కడికి పోవాలో నిర్ణయమైంది. బదిలీ కోసం ఆగలేదు, ఉద్యోగం వదిలేశాను. సర్కారు నౌకరీలో ఉంటే పేరు కాగితాల మీద ఉంటుంది, అడిగితే ఎవరో ఒకరు చెబుతారు. ఇక్కడ వేరే పని చేసుకుంటున్నాను, వేరే పేరుతో. ఆ పేరు నీకు చెప్పాలని నోటిదాకా వస్తుంది.

ఇరవై ఏడు రోజులు నువ్వు పట్టి ఉంచావు. అందులో నాలుగు రోజులు తక్కువైనా నేను ఆ ఇంట్లోనే దొరికేదాన్ని. సామాను సర్దడానికి నేను మంగళవారం ఒక్కదాన్నే పోయాను, ముందు తలుపు తీసి. ఆ మంచం సంగతి చదివినప్పటినుంచి ఇక్కడ నా మంచాన్ని తలుపుకు అడ్డంగా వేసుకుని పడుకుంటున్నాను. అతను ఇంకా వెతుకుతూనే ఉన్నాడని నీకూ తెలుసు, నాకూ తెలుసు.

నేను చెబుతానా అని అడిగావు. చెప్పవు. కానీ అన్నా, నర్సింగమ్మ చెప్పాలని చెప్పిందా? చుట్టమంటే నమ్మింది. సుక్కమ్మకు నా ఊరు తెలిసి ఉంటే అతనికి గటకతో పాటు చెప్పి, బస్సు కూడా ఎక్కించేది, అన్న అన్నాడు గనుక. నువ్వు ఒకసారి నల్లమల దిక్కు అన్నావు. నన్ను ఎవరూ పట్టించలేదు. నా మీద ప్రేమ ఉన్నవాళ్ల నోటినుంచే నా జాడ బయటికి పోయింది. నీకు ఊరి పేరు తెలిస్తే ఆ ఊరినుంచి వచ్చేవాళ్లను చూసి నీ ముఖం మారుతుంది. ఆ ఊళ్లో వాన పడిందా అని ఎవరినో అడుగుతావు. అతను నీ ముఖాన్ని ఆరు నెలలు చదివాడు. నీకు తెలియనిది నీ దగ్గర ఎవరూ తీయలేరు.

అందుకని ఇదే నా చివరి ఉత్తరం. దూరం పోయేవాళ్ల చేతికి ఇచ్చి ఇంకెక్కడో డబ్బాలో వేయిస్తున్నాను, కవరు మీది ముద్ర చూసి వెతకకు. డాక్టరు గారికి కూడా నేను ఇక్కడినుంచి ఇంకో చోటికి పోతున్నానని చెప్పించాను. నువ్వు రాసినా నాకు చేరదు.

అతను మళ్లీ నీ కొట్టుకు వస్తే భయపడకు. నా చెల్లె ఎక్కడుందో నాకు తెలియదని చెప్పు. నిజమే చెబుతావు గనుక నమ్ముతాడు. జ్వరం వస్తే కిష్టయ్య గారికి కబురు చెయ్యి, ఒక్కడివే పడి ఉండకు.

నాకు ఏదైనా అయితే నీకు తెలియదు. నీకు ఏదైనా అయితే నాకు తెలియదు. నేను బతికే ఉన్నానని అనుకో. నేనూ నిన్ను అట్లాగే అనుకుంటాను.

నీ చెల్లె